శుక్రవారం రాత్రి పదకొండు గంటల రేడియో: రాబర్ట్ విలియమ్స్ జీవితం

1962 నుంచి 1965 దాకా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో శుక్రవారం రాత్రి పదకొండు గంటలకు రేడియో ముల్లు సరిగ్గా తిప్పితే ఒక వింత స్టేషన్ పలికేది. మొదట ఒక జాజ్ పాట. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. ఏ ఊళ్లో ఏ నల్లజాతి మనిషిని పోలీసులు కొట్టారో, ఏ చర్చి మీద బాంబు పడిందో, ఎక్కడ ఓటు నమోదుకు వెళ్లినవాళ్ల ఉద్యోగాలు ఊడాయో ఆ గొంతు చెప్పేది. మళ్లీ ఒక పాట. ఆ తర్వాత ఒక మగ గొంతు అమెరికా ప్రభుత్వాన్ని పేరుపెట్టి కడిగేసేది. ఆ స్టేషన్ అమెరికాలో లేదు. సముద్రం అవతల క్యూబా రాజధాని హవానాలో ఉంది. కార్యక్రమం పేరు రేడియో ఫ్రీ డిక్సీ. ఆ మగ గొంతు రాబర్ట్ ఎఫ్. విలియమ్స్‌ది, ఆడ గొంతు ఆయన భార్య మేబెల్‌ది.

డిక్సీ అంటే ఒకప్పుడు బానిసత్వాన్ని కాపాడుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల ముద్దుపేరు. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం తూర్పు యూరప్ కమ్యూనిస్టు దేశాల జనానికి స్వేచ్ఛ గురించి చెప్పడానికి రేడియో ఫ్రీ యూరప్ నడిపేది. ఇతరులకు స్వేచ్ఛా పాఠాలు చెప్పే దేశంలోనే స్వేచ్ఛ లేని ప్రాంతం ఒకటుందని ఆ పేరుతోనే విలియమ్స్ ఎత్తిపొడిచాడు.

మార్టిన్ లూథర్ కింగ్ గురించి, మాల్కం ఎక్స్ గురించి మనవాళ్లు చాలా రాశారు, చాలా చదివారు. విలియమ్స్ గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువ. కానీ ఆయన జీవితం చదువుతుంటే చాలాచోట్ల మన ఊరు, మన వాడ కళ్లముందుకు వస్తాయి.

నానమ్మ ఇచ్చిన తుపాకి

విలియమ్స్ 1925 ఫిబ్రవరి 26న నార్త్ కరోలినా రాష్ట్రంలోని మన్రో అనే చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి రైల్వేలో ఇంజన్ల బాయిలర్లు కడిగే కార్మికుడు. నానమ్మ ఎలెన్ బానిసగా పుట్టిన మనిషి. తాత సైక్స్ విలియమ్స్ బానిసత్వం పోయిన తర్వాత నల్లవాళ్ల ఓటు హక్కు కోసం ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు, ఒక చిన్న పత్రిక కూడా నడిపాడు. నానమ్మ ఆ కథలన్నీ మనవడికి చెప్పింది. చనిపోయే ముందు తాత వాడిన పాత తుపాకిని అతని చేతిలో పెట్టింది. ఒక పత్రిక, ఒక తుపాకి. తాత నుంచి మనవడికి వచ్చిన ఆస్తి ఇదే.

పదకొండేళ్ల వయసులో మన్రో బజారులో అతను ఒక దృశ్యం చూశాడు. జెస్సీ హెల్మ్స్ అనే తెల్ల పోలీసు ఒక నల్లజాతి స్త్రీని కొట్టి, నేలమీద ఈడ్చుకుంటూ జైలుకు తీసుకెళ్లాడు. చూస్తున్న తెల్లవాళ్లు నవ్వారు. కోర్టు దగ్గర నిలబడ్డ నల్లజాతి మగవాళ్లు తలలు దించుకుని గబగబా వెళ్లిపోయారు. ఆ పోలీసు కొడుకు, అదే పేరు గలవాడు, తర్వాత ముప్పై ఏళ్లు అమెరికా సెనేటర్‌గా వెలిగాడు. ఆ రోజు దించుకున్న తలలను మాత్రం విలియమ్స్ చచ్చేదాకా మరిచిపోలేదు.

యువకుడిగా పనికోసం ఉత్తరాదిన డెట్రాయిట్ వెళ్లాడు. 1943లో అక్కడ జరిగిన జాతి అల్లర్లలో 34 మంది చనిపోయారు, వాళ్లలో 25 మంది నల్లవాళ్లు. ఉత్తరాదిలోనూ స్వర్గం లేదని అతనికి అర్థమైంది. తర్వాత సైన్యంలో చేరాడు. తెల్లవాళ్లకు వేరు, నల్లవాళ్లకు వేరు పటాలాలున్న సైన్యం అది. 1946లో మన్రోకు తిరిగొచ్చాడు, మరుసటి ఏడాది మేబెల్ రాబిన్సన్‌ను పెళ్లాడాడు. ప్రజాస్వామ్యం కోసమని ప్రపంచ యుద్ధానికి పంపించిన దేశం, తిరిగొచ్చాక బస్సులో ముందు సీటు కూడా ఇవ్వలేదు.

కొలను నీళ్ల గొడవ

1950ల మధ్యలో విలియమ్స్ మన్రోలో ఎన్.ఏ.ఏ.సి.పి. అనే నల్లజాతి హక్కుల సంఘం శాఖకు అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆ శాఖలో మిగిలింది ఆరుగురే. చదువుకున్న పెద్దమనుషులు భయపడి తప్పుకున్నారు. ఆయన వాళ్లను బతిమాలలేదు. ఇళ్లలో పాచిపని చేసే ఆడవాళ్ల దగ్గరికి, కూలీల దగ్గరికి, యుద్ధం నుంచి వచ్చిన మాజీ సైనికుల దగ్గరికి వెళ్లాడు. సభ్యుల సంఖ్య రెండు వందలు దాటింది. ఆ సంఘం శాఖల్లో ఇంతమంది కాయకష్టం చేసేవాళ్లున్నవి అరుదు.

వాళ్లు ఎత్తుకున్న మొదటి పెద్ద పోరాటం నీళ్ల గురించి. మన్రోలో ప్రభుత్వ సొమ్ముతో కట్టిన స్విమ్మింగ్ పూల్ ఉంది. అందులోకి నల్ల పిల్లలకు ప్రవేశం లేదు. వాళ్లు ఊరి బయట గుంతల్లో, వాగుల్లో ఈత కొట్టేవాళ్లు, అక్కడ మునిగి చనిపోయిన పిల్లలూ ఉన్నారు. వారానికి ఒకటి రెండు రోజులైనా మా పిల్లలకు ఇవ్వండని 1957లో అడిగారు. నల్ల పిల్లలు ఈదిన ప్రతిసారీ నీళ్లన్నీ తోడేసి కొత్తవి నింపాలి, అంత ఖర్చు భరించలేమని అధికారులు జవాబిచ్చారు.

ఈ జవాబు మనకు కొత్తదేమీ కాదు. 1927లో మహాడ్ చెరువులో అంబేడ్కర్ నీళ్లు తాగాక అక్కడి సవర్ణులు ఆవుపేడ, ఆవుపంచితం పోసి చెరువును శుద్ధి చేసుకున్నారు. 1985లో కారంచేడులో గొడవ మొదలైందీ మాదిగవాడ మంచినీళ్ల చెరువు దగ్గరే. అక్కడ అది ఊచకోత దాకా పోయింది. చర్మం రంగు పేరు చెప్పినా, కులం పేరు చెప్పినా, మైల అనే మాట ముందుగా వచ్చి నిలబడేది నీళ్ల దగ్గరే.

పూల్ అడిగినందుకు మన్రోలో కు క్లక్స్ క్లాన్ మూక కార్లు కట్టుకుని నల్లవాళ్ల పేటలో తిరగడం మొదలుపెట్టింది. సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ ఆల్బర్ట్ పెర్రీని చంపుతామని బెదిరించారు. పోలీసులు కాపాడరని అందరికీ తెలుసు. విలియమ్స్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ నుంచి చట్టబద్ధంగా ఒక శాఖ అనుమతి తెచ్చుకుని మాజీ సైనికులతో కాపలా దళం కట్టాడు. 1957 అక్టోబర్ 5 రాత్రి క్లాన్ మూక డాక్టర్ ఇంటి మీదికి కాల్పులు జరుపుతూ వచ్చింది. ఇసుక బస్తాల వెనక నుంచి ఎదురుకాల్పులు వచ్చేసరికి పరుగెత్తింది. ఎన్నడూ క్లాన్‌ను ఆపని నగర పాలకులు వెంటనే వాళ్ల కార్ల ఊరేగింపులను నిషేధించారు.

మరుసటి ఏడాది ఇంకో దారుణం. ఆటలో ఒక తెల్ల పాప ఇద్దరు నల్ల పిల్లల బుగ్గమీద ముద్దు పెట్టింది. ఒకడికి తొమ్మిదేళ్లు, ఇంకొకడికి ఏడేళ్లు. ఆ పసివాళ్లను పోలీసులు పట్టుకెళ్లి కొట్టారు, జడ్జి వాళ్లను బాలనేరస్తుల బడికి పంపాడు. విలియమ్స్ ఈ కేసును ప్రపంచం ముందు పెట్టాడు. యూరప్ పత్రికలు రాశాయి, విదేశాల్లో అమెరికా పరువు పోయింది. 1959 ఫిబ్రవరిలో గవర్నర్ ఆ పిల్లలను విడిచిపెట్టాడు. స్థానిక కోర్టు వినని మాట లండన్ పత్రికలో వస్తే వాషింగ్టన్ వింటుంది. గొంతు ఎంత దూరం పోతే అంత బలం అనే పాఠం విలియమ్స్ అప్పుడే నేర్చుకున్నాడు.

అదే 1959లో గర్భిణి అయిన ఒక నల్లజాతి స్త్రీ మీద అత్యాచారయత్నం చేసిన తెల్లవాణ్ని మన్రో కోర్టు నిర్దోషిగా వదిలేసింది. కోర్టు మెట్ల మీద నిలబడి విలియమ్స్, చట్టం మమ్మల్ని కాపాడకపోతే హింసకు హింసతోనే జవాబిస్తామని ప్రకటించాడు. ఎన్.ఏ.ఏ.సి.పి. జాతీయ నాయకత్వం ఆయన్ను ఆరు నెలలు సస్పెండ్ చేసింది. మార్టిన్ లూథర్ కింగ్ ఆయనతో పత్రికా ముఖంగా వాదించాడు. విలియమ్స్ అహింసా ఉద్యమాన్ని ఎగతాళి చేయలేదు. సత్యాగ్రహం చేసేవాళ్లకు అండగానే నిలిచాడు. ఇంటి మీదికి వచ్చినవాడికి మెడ చాపమని మాత్రం తన జనానికి చెప్పనన్నాడు.

ఆ ఏడాదే భార్యాభర్తలిద్దరూ క్రూసేడర్ అనే పత్రిక మొదలుపెట్టారు. ఇంట్లో టైపు చేసి, సైక్లోస్టైల్ తీసి, పోస్టులో పంపేవాళ్లు. వార్త, వ్యంగ్యం, వాదన అన్నీ అందులో కలిసి ఉండేవి. ఆ తర్వాత వచ్చిన రేడియోకు విత్తనం ఈ కాగితాల్లోనే ఉంది.

పారిపోయిన మనిషి, పాడే రేడియో

1961 ఆగస్టులో అహింసా పద్ధతిలో నిరసన తెలిపేందుకు ఫ్రీడమ్ రైడర్స్ అనే యువతీయువకులు మన్రో వచ్చారు. ఆగస్టు 27న తెల్లమూక వాళ్లను చితకబాదింది. ఆ సాయంత్రం నల్లవాళ్ల పేటలో జనం కోపంతో ఊగిపోతున్నప్పుడు ఒక తెల్ల దంపతుల కారు అటు వచ్చింది. గుంపు చుట్టుముట్టింది. విలియమ్స్ వాళ్లను తన ఇంట్లోకి తీసుకెళ్లి దెబ్బ తగలకుండా చూశాడు, తర్వాత వాళ్లు క్షేమంగా వెళ్లిపోయారు. దానికే ఆయన మీద కిడ్నాప్ కేసు పెట్టారు. ఎఫ్.బి.ఐ. ఆయన ఫొటోతో వాంటెడ్ పోస్టర్లు అంటించింది. భార్యనూ ఇద్దరు కొడుకులనూ తీసుకుని న్యూయార్క్, కెనడా మీదుగా విలియమ్స్ క్యూబా చేరాడు.

ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వం ఆశ్రయం ఇచ్చింది. విలియమ్స్ ఇంకొకటి అడిగాడు: రేడియో. అలా హవానాలోని రేడియో ప్రోగ్రెసో నుంచి 50,000 వాట్ల శక్తితో రేడియో ఫ్రీ డిక్సీ మొదలైంది.

అప్పటికే అమెరికాలో నల్లవాళ్ల కోసమని నడిచే స్టేషన్లు ఉన్నాయి. మెంఫిస్ నగరంలో డబ్ల్యు.డి.ఐ.ఏ. అనే స్టేషన్ 1949 నాటికి పూర్తిగా నల్లజాతి శ్రోతల కోసమే కార్యక్రమాలు ఇచ్చేది. దానికీ 50,000 వాట్ల శక్తి ఉంది. మాట్లాడేది నల్లవాళ్లు, పాడేది నల్లవాళ్లు, స్టేషన్ యజమానులు మాత్రం తెల్లవాళ్లు. పాట ఎంతైనా వెయ్యొచ్చు. యజమానికీ ప్రకటనలిచ్చే కంపెనీలకూ నచ్చని రాజకీయం పలకాలంటే మాత్రం హద్దులుంటాయి. నీనా సిమోన్ 1964లో నల్లవాళ్ల హత్యల మీద కోపంతో పాడిన పాటను దక్షిణాది స్టేషన్లు చాలావరకు తొక్కిపెట్టాయి.

విలియమ్స్ ఆ హద్దు చెరిపేశాడు. నీనా సిమోన్, ఓటిస్ రెడ్డింగ్, మాక్స్ రోచ్, ఎబీ లింకన్ లాంటివాళ్ల సంగీతం, పాత బ్లూస్, చర్చి సభల్లో ఉద్యమకారులు పాడే స్వేచ్ఛా గీతాలు అన్నీ కలిపి వేసేవాడు. అమెరికాలోని మిత్రులు కొత్త రికార్డులు పంపేవాళ్లు. పాటల మధ్యలో దక్షిణాది నుంచి ఉత్తరాల్లో, పత్రికల్లో వచ్చిన వార్తలు మేబెల్ చదివేది. చివరికి విలియమ్స్ వ్యాఖ్యానం.

ఈ కలయిక వెనక ఒక లెక్క ఉంది. అంతకుముందు వామపక్ష రేడియోలంటే పొడుగు ఉపన్యాసాలు. పగలంతా పత్తి ఏరి, బట్టలుతికి వచ్చిన మనిషి రాత్రి పదకొండుకు ఉపన్యాసం వినడు. తన సంగీతం వింటాడు. ఆ సంగీతంలో ఇప్పటికే తన బాధ ఉంది, కోపం ఉంది. చర్చిలో పాటా ప్రసంగమూ ఒకదాన్నొకటి ఎత్తుకుంటూ పోయినట్టే తన రేడియోలోనూ పోవాలని విలియమ్స్ అనుకున్నాడు. జాజ్‌ను ఆయన వినోదంగా వాడలేదు, జనాన్ని లేపే కొత్తరకం ప్రచార సాధనంగా చూశాడు. డప్పు మోగితే జనం పోగవడం, పాటతో మొదలై మాటలోకి వెళ్లడం, మాట మళ్లీ పాటలోకి తిరగడం మన సభల్లో తెలిసిందే. ఆయన అదే పని మైకు ముందు చేశాడు.

రేడియో ఫ్రీ డిక్సీ న్యూయార్క్ దాకా, లాస్ ఏంజిలస్ దాకా వినిపించేది. అందులోని కార్యక్రమాలను న్యూయార్క్‌లోని డబ్ల్యు.బి.ఏ.ఐ., బర్క్‌లీలోని కె.పి.ఎఫ్.ఏ. లాంటి శ్రోతల చందాలతో నడిచే స్టేషన్లు మళ్లీ ప్రసారం చేశాయి. టేపులు చేతులు మారాయి. 1962లో వచ్చిన ఆయన పుస్తకం నీగ్రోస్ విత్ గన్స్ చదివిన యువకుల్లో హ్యూయీ న్యూటన్ ఒకడు. 1966లో అతను బాబీ సీల్‌తో కలిసి బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టాడు. ఆరేళ్ల తర్వాత, 1972లో, బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు అందుకున్నారు. మన్రో నుంచి బొంబాయి దాకా ఒక దారం ఇలా వచ్చింది.

మిత్రుల మైకు

శత్రువు అడ్డుకుంటాడని అందరికీ తెలుసు. అమెరికా వైపు నుంచి సిగ్నల్‌కు అడ్డంకులు వచ్చాయి. కానీ విలియమ్స్‌ను ఎక్కువ బాధపెట్టింది మిత్రులు.

క్యూబా కమ్యూనిస్టు అధికారుల్లో కొందరికి, అమెరికా కమ్యూనిస్టు పార్టీకి ఆయన మాట నచ్చలేదు. జాతి సమస్య వర్గ సమస్యలో భాగమే, విప్లవం వస్తే అదే పోతుంది, నల్లవాళ్ల గురించి విడిగా మాట్లాడితే కార్మికవర్గం చీలిపోతుందని వాళ్ల వాదన. విలియమ్స్ ఒప్పుకోలేదు. మన్రోలో తనమీద రాళ్లేసినవాళ్లలో తెల్ల కూలీలు కూడా ఉన్నారు. వర్గమా, వర్ణమా అని ఆయన్ను నిలదీసిన తీరు చూస్తే, కులం గురించి మాట్లాడొద్దు, ముందు వర్గపోరాటం అని మన పెద్దలకు చెప్పిన పాఠాలు గుర్తుకు రావా? కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టినప్పుడు కూడా ఇదే వాదన మన నేలమీద నడిచింది.

క్యూబాలో వాదన మాటలతో ఆగలేదు. స్టేషన్ శక్తి తగ్గించారు. అమెరికా దాకా అందాల్సిన గొంతు దారిలోనే సన్నగిల్లింది. 1965తో రేడియో ఫ్రీ డిక్సీ ముగిసింది. 1966లో కుటుంబం చైనా వెళ్లింది. అంతకుముందు 1963లో విలియమ్స్ కోరిక మీదే మావో అమెరికా నల్లజాతి పోరాటానికి మద్దతు ప్రకటించాడు.

ఇక్కడ ఆయన్ను దేవుణ్ని చెయ్యనక్కర్లేదు. ఆత్మరక్షణతో మొదలైన ఆయన రాతలు ప్రవాసంలో నగర గెరిల్లా యుద్ధం దాకా వెళ్లాయి. దూరాన కూర్చుని రాసిన ఆ మాటల బరువు అమెరికా వీధుల్లో ఉన్న యువకుల మీద పడింది. చైనాలో సాంస్కృతిక విప్లవం జనాన్ని నలిపేస్తుంటే దాని ఆతిథ్యంలో బతికాడు. ఆశ్రయమిచ్చిన ఇంట్లో నోరు ఎంతవరకు లేస్తుందనేది కూడా ఆయన జీవితం అడిగే ప్రశ్నే.

1969లో విలియమ్స్ అమెరికా తిరిగొచ్చాడు. కొంతకాలం మిషిగన్ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన కేంద్రంలో పనిచేశాడు. నార్త్ కరోలినా ప్రభుత్వం పాత కిడ్నాప్ కేసును 1976లో వదులుకుంది. పదిహేనేళ్లు తరిమిన కేసు విచారణ కూడా జరగకుండానే పోయింది. మిషిగన్‌లోని బాల్డ్విన్ అనే చిన్న ఊళ్లో ఆయన మిగతా జీవితం గడిపాడు. 1996 అక్టోబర్ 15న క్యాన్సర్‌తో చనిపోయాడు. అంత్యక్రియలు సొంత ఊరు మన్రోలో జరిగాయి. అహింసా ఉద్యమానికి తల్లిలాంటి రోసా పార్క్స్ వచ్చి ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటూ మాట్లాడింది. మేబెల్ 2014 దాకా జీవించింది. పత్రిక టైపు చేసిందీ, వార్తలు చదివిందీ, రెండు ఖండాల్లో ఇల్లు నిలబెట్టిందీ ఆమె. చరిత్ర రాసేవాళ్లు ఆమె పేరు రెండో వరుసలో పెట్టినా, రేడియోలో ఆమె గొంతు మొదటి వరుసలోనే ఉంది.

మన గాలి ఎవరిది?

విలియమ్స్ చనిపోయిన పన్నెండేళ్లకు, సరిగ్గా అదే తేదీన, 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపేది దళిత స్త్రీలు. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి దాచుకున్నారు. విత్తనాలు, చిరుధాన్యాలు, నాటువైద్యం, పండుగ పాటలు అన్నీ తమ యాసలో, తమ గొంతుతో వినిపించారు. ఆ స్టేషన్‌ను ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. ఆకాశవాణి తరంగాలు ఏ ప్రభుత్వపు, ఏ కంపెనీ సొత్తూ కావు, ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఆయన ఉన్నారు.

ప్రజల ఆస్తే. కానీ మన దేశంలో కమ్యూనిటీ రేడియోకు గానీ ప్రైవేటు ఎఫ్.ఎం.కు గానీ సొంతంగా వార్తలు సేకరించి చెప్పే హక్కు ఇప్పటికీ లేదు. సినిమా పాట వెయ్యొచ్చు, విత్తనాల గురించి చెప్పొచ్చు. పక్క ఊళ్లో దళితుణ్ని ఎందుకు కొట్టారో వార్తగా చెప్పకూడదు. పాటను ఒక గదిలో, రాజకీయాన్ని ఇంకో గదిలో పెట్టి తాళం వేయడం అంటే ఇదే. మేబెల్ మన దగ్గర ఉండి ఉంటే పాట వేయగలిగేది, వార్త చదవలేకపోయేది.

విలియమ్స్ దంపతులు మూడేళ్లపాటు ఆ తాళం తీశారు. అందుకు దేశం వదలాల్సి వచ్చింది. చివరికి మిత్రుడి మైకు కూడా తమది కాదని తెలుసుకోవాల్సి వచ్చింది. ఈ రోజు మన పిల్లలు ఫోన్లలో పాటలు కట్టి, ర్యాప్ చేసి, యూట్యూబ్ చానెళ్లు పెట్టి వాడ కబుర్లు లోకానికి చెబుతున్నారు. ఆ వేదికలు కూడా ఎవరో ఒక యజమానివే, ఒక్క మీట నొక్కితే మూగబోయేవే. అందుకే పాట ఎంత బాగుందో చూసుకుంటూనే మైకు ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలి. తాత ఇచ్చిన పత్రికా వారసత్వాన్ని మన్రో కుర్రాడు మోసుకుపోయినంత దూరం మనమూ మోసుకుపోవాలంటే, మన గాలి మీద మన హక్కు అడగడం దగ్గరే మొదలుపెట్టాలి.